ఆ 990 మంది మాటేమిటి?

ప్రశ్న: మా స్టడీ సెంటర్‌లో దూరవిద్య డిగ్రీ చదివేవాళ్లు 1,200 మంది. చదువు ఎలా సాగుతోందో తెలుసుకుందామని అందరికీ వాట్సాప్‌లో గూగుల్ ఫారమ్ పంపాను. 210 మంది నింపారు. వాళ్లలో 178 మంది, అంటే 85 శాతం, బాగుందన్నారు. మా గైడ్‌ గారేమో 292 మంది ఉంటేగానీ శాంపిల్ చాలదంటున్నారు. మిగతా 82 మంది కోసం మళ్లీ మెసేజ్‌లు పెట్టనా మేడమ్?
– ఒక అధ్యాపకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: మీ గైడ్‌ గారి లెక్క తప్పు కాదమ్మా. 95 శాతం నమ్మకం, అటూ ఇటూ 5 శాతం తేడా (అంటే నూటికి 95 సార్లు శాంపిల్ జవాబు అసలు లెక్కకు అటూ ఇటూ 5 శాతం లోపే ఉండాలి) అనుకుంటే 1,200 మందికి 292 అనే వస్తుంది. కాకపోతే ఆ సూత్రం చీటీలు తీసి ఎంచిన శాంపిల్‌కి. మీరు చీటీలు తీయలేదు కదా! తీరిక ఉన్నవాళ్లు, మీరంటే కాస్త అభిమానం ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. అలాంటివాళ్లే ఇంకో 82 మంది వస్తే ఫారాలు పెరుగుతాయి, అంతే.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సెంటర్‌లో ఆదివారం కాంటాక్ట్ క్లాసుకు వచ్చినవాళ్లకే కాగితాలు పంచి, ‘క్లాసు టైము అందరికీ వీలుగానే ఉంది’ అని రిపోర్టు రాసిచ్చాను. నెల తిరక్కుండానే బస్సులో టికెట్ కొడుతూ కండక్టర్ అడిగాడు: “మేడమ్, నేనూ మీ సెంటర్ స్టూడెంటునే. ఆదివారం నాకు డ్యూటీ. నన్నెవరు అడిగారు?” చిల్లర తీసుకోవడం కూడా మర్చిపోయి దిగిపోయాను.

మీ లెక్కకే వద్దాం. జవాబివ్వని 990 మందీ బాగాలేదనేవాళ్లే అయితే తృప్తి 15 శాతం. అందరూ బాగుందనేవాళ్లయితే 97 శాతం. ఇప్పుడు మీ చేతిలో ఉన్న సమాచారంతో చెప్పగలిగింది ఆ రెండింటి మధ్య ఎక్కడో అనే.

దీనికి మందు పాతదే. అమెరికా సెన్సస్ బ్యూరోలో పనిచేసిన హాన్సెన్, హర్విట్జ్ 1946లో చెప్పారు: పోస్టులో పంపిన ప్రశ్నలకు బదులివ్వనివాళ్లలోంచి కొద్దిమందిని చీటీలు తీసి ఎంచుకోండి, వాళ్ల దగ్గరికి మాత్రం మనిషిని పంపి అడగండి అని. మీరు ఆ 990 మందిలోంచి 60 మందిని తీయండి. వరస నంబర్లు వేసి కంప్యూటర్‌తో తీసినా సరే, మీకు తెలిసిన పేర్లు మాత్రం ఏరుకోవద్దు.

మాటవరసకి ఆ 60 మందిలో 24 మంది బాగుందన్నారనుకోండి. చాలామంది ఇక్కడే కాలు జారతారు. 178కి 24 కలిపి 270తో భాగించి 75 శాతం అంటారు. అది తప్పు. ఆ 60 మందిలో ఒక్కొక్కరూ పదహారున్నర మంది తరఫున మాట్లాడుతున్నారు (990ని 60తో భాగించండి). కాబట్టి 24 మంది అంటే 396 మంది. దానికి 178 కలిపితే 574. 1,200లో అది 48 శాతం. మీ 85 ఎక్కడ, ఈ 48 ఎక్కడ!

ఫస్టియర్, ఫైనలియర్ విడగొట్టి తీస్తే ఇంకా మంచిది. ఫీజు కట్టి మధ్యలో మానేసినవాళ్లు మీ 1,200 జాబితాలో ఉన్నారో లేదో కూడా చూడండి. లేకపోతే అది వేరే తలనొప్పి.

ఇక ఆ 60 మందినీ వదలకూడదు. షాపుల్లో పనిచేసేవాళ్లు పగలు ఫోనెత్తరు, రాత్రి ఎనిమిది దాటాక చేయండి. ఎత్తకపోతే వేరే రోజు, వేరే వేళలో మళ్లీ చేయండి. ‘వీళ్లు దొరకలేదు’ అని ఇంకో పేరు తెచ్చి పెట్టుకున్నారో, కథ మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని నంబర్లు అప్లికేషన్ నింపిపెట్టిన నెట్ సెంటర్‌వి అయ్యుంటాయి. అప్పుడు ఆ అప్లికేషన్‌లో ఉన్న అడ్రసు చూసి నేరుగా వాళ్ల ఊరు వెళ్లండి.