చుక్క రక్తంతో గ్రాఫీన్ చిప్ క్యాన్సర్‌ని ముందే పట్టేస్తుందా?

మీ నాన్నగారికి 62 ఏళ్లు, ప్రోస్టేట్ క్యాన్సర్ భయం ఉంది, వీడియోలో చూసిన గ్రాఫీన్ టెస్టు చేయిద్దామా అని అడిగారు. ఆ వీడియో కింద బుకింగ్ లింక్ ఉందన్నారు కదా, దానికి మాత్రం డబ్బు కట్టకండి. నేను మూడేళ్లు ల్యాబ్‌లో ఈ చిప్‌లే చేశాను.

ఐడియా మంచిదే. గ్రాఫీన్ అంటే ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర, దాని మీద యాంటీబాడీలు అతికిస్తాం, మనం వెతికే ప్రోటీన్ వచ్చి వాటికి అంటుకుంటే పొరలో పారే కరెంటు మారుతుంది. 2020లో కొరియా పరిశోధకులు కోవిడ్ స్పైక్ ప్రోటీన్‌ని ఇలాగే మిల్లీలీటర్‌కి 1 ఫెమ్టోగ్రామ్ (నానోగ్రాములో పది లక్షలో వంతు) దాకా పట్టారు. కానీ అది శుభ్రమైన బఫర్‌లో, అంటే వేరే ప్రోటీన్లేవీ కలవని ల్యాబ్ ద్రావణంలో. స్వాబ్ వేసి పంపే ద్రవంలో అదే చిప్‌కి 100 ఫెమ్టోగ్రాములు కావాల్సి వచ్చింది.

ఇక రక్తం సంగతి. అందులోని ఉప్పు అయాన్లు ప్రోటీన్ చార్జ్‌ని కప్పేస్తాయి, గ్రాఫీన్‌కి ఒక నానోమీటర్ లోపలే ఏమైనా తెలుస్తుంది, యాంటీబాడీయేమో పది నానోమీటర్లు! అందుకే శాంపిల్‌ని బాగా పలచన చేసి గ్రాఫులు తెచ్చుకునేవాళ్లం. పైగా ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే పీఎస్‌ఏ అనే ప్రోటీన్‌కి డాక్టర్లు మామూలుగా చూసే హద్దు మిల్లీలీటర్‌కి 4 నానోగ్రాములు, అదే రక్తంలో ఆల్బుమిన్ అనే మామూలు ప్రోటీన్ దానికి దాదాపు కోటి రెట్లు ఉంటుంది, అది ఎక్కడపడితే అక్కడ అతుక్కుంటుంది. ఒకసారి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేస్తే సిగ్నల్ అదిరిపోయింది, సంబరపడ్డాను, తీరా చూస్తే యాంటీబాడీ పెట్టని చిప్ కూడా అంతే కదిలింది. గైడ్‌కి చూపించడానికి మొహం చెల్లలేదు.

ఇంకో తలనొప్పి, ఏ రెండు చిప్‌లూ ఒకేలా ఉండవు. రాగి రేకు మీద పెరిగిన పొరని, రాగిని కరిగించాక నీళ్ల మీంచి ఎత్తి చిప్ మీద పరవాలి, కుండ మీంచి పూతరేకు తీసినట్టే, కాస్త చెయ్యి వణికితే ముడత. పదింట్లో నాలుగు పనిచేస్తే ఆ రోజు మాకు పండగే. ఇలాంటి చిప్ ఇచ్చిన అంకె చూసి మా నాన్నకైతే నేను బయాప్సీ చేయించను.

యూరాలజిస్టుని కలిసి మామూలు పీఎస్‌ఏ రక్త పరీక్ష గురించి అడగండి. అది పెరిగినా క్యాన్సరే అనుకుని టెన్షన్ పడకండి, గ్రంథి వాచినా, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు సైకిల్ తొక్కొద్దని నాన్నగారికి చెప్పండి, దానికీ కాస్త పెరగొచ్చు.