సీటు మీద దస్తీ

బిడ్డా,

నీ ఉత్తరం, నువ్వు పంపిన ఇంగ్లిష్ వ్యాసం రెండూ అందినయి. మర్రిగూడ దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ గురించి రాసినవ్. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పడ్డ సంగతి చెప్పిన పేరా బాగున్నది. వాక్యాల కాడనే నాలుగైదు చోట్ల ఆగిపోయిన.

మొదటి పేజీల ఇది చూడు: "దట్ మై గ్రాండ్‌మదర్స్ బోన్స్ బెంట్ ఇట్ ఈజ్ నోన్ టు ఎవ్రీవన్." మా అవ్వ బొక్కలు వంగినయని అందరికీ ఎరుకే అని మనసుల అనుకొని రాసినవ్ కదా? మనం సంగతంత ముందు చెప్పి, 'అని' తగిలించి, క్రియను ఆఖరుకు పెడ్తం. ఇంగ్లిష్‌కు అంత బరువు ముందల మోసుడు నచ్చదు.

పండుగ ముందటి రోజు నల్గొండ బస్టాండ్ల దేవరకొండ బస్సు యాదికి తెచ్చుకో. బస్సు ఆగకముందే కిటికీలకెల్లి దస్తీ ఏసి సీటు ఆపుతరు. అసలు మనిషి మూటలతోని ఇంకా తలుపు కాడనే ఉంటడు, అయినా సీటు ఆయనదే. ఇంగ్లిష్ 'ఇట్' ఆ దస్తీ. దానికి సొంత అర్థమేం లేదు. మూటల మనిషి, అంటే 'దట్'తోని మొదలయ్యే ఉపవాక్యం, ఎనక ఉంటది: "ఇట్ ఈజ్ నోన్ టు ఎవ్రీవన్ దట్..." నువ్వేం చేసినవంటే, మనిషిని సీట్ల కూసోబెట్టి ఆయన ఒళ్లె మళ్ల దస్తీ ఏసినవ్. ముందటి సీట్ల ఇద్దరిల ఒక్కరే ఉండాలె.

"ఐ నో ఇట్ దట్" అని కూడా రాసినవ్. 'నో' పక్కకే 'దట్' వచ్చి కూసుంటది, ఆపాల్సిన పని లేదు. "ఐ ఫైండ్ ఇట్ హార్డ్ టు బిలీవ్ దట్" అన్నప్పుడు మాత్రం 'ఇట్' ఉండాలె, 'హార్డ్' నడుమకొచ్చింది కాబట్టి. ఇగ "ఇట్ ఈజ్ రెయినింగ్" సంగతి వేరే, అక్కడ ఎవ్వరూ ఎక్కరు, దస్తీ ఒక్కటే దేవరకొండ దాకా పోతది! మనకు ఆ తిప్పల లేదు, వాన కొడ్తున్నది అంటే వానే కర్త.

వ్యాకరణం సరిజేసినా ఆ వాక్యం నాకు పూర్తిగ నచ్చదు. పేపర్ల 'తెలిసింది' అని రాస్తరు సూడు, ఎవరికి తెలిసిందో చెప్పకుంట, ఆ వాసన వస్తున్నది. "ఎవ్రీవన్ ఇన్ ద విలేజ్ నోస్ దట్ ద బోర్‌వెల్ వాటర్ బెంట్ మై గ్రాండ్‌మదర్స్ బోన్స్" అను. ఊరు కనపడ్తది, నీళ్లు చేసిన పనీ కనపడ్తది. నాలుగో పేజీల "ఇట్ వాజ్ అబ్జర్వ్‌డ్ దట్" అన్న కాడ కూడ అంతే. చూసింది డాక్టరా, మీ అమ్మనా? వాళ్లనే కర్తగ పెట్టు.

నీ వయసుల నేనొక ఆఫీసుకు దరఖాస్తు రాసిన: "ఐ డు నాట్ నో వేర్ ఈజ్ మై సర్టిఫికెట్." గుమాస్తా ఎర్ర పెన్సిల్‌తోని 'ఈజ్' చుట్టూ సున్న గీసి, బాణం గుర్తుతోని దాన్ని చివరికి తోసిండు. ఎందుకో చెప్పలే. నాకు అర్థమయ్యేటాల్లకు ఏండ్లు పట్టింది. తెలుగుల అడిగేటప్పుడు 'ఎక్కడున్నది?' అంటం. అదే ప్రశ్న ఇంకో వాక్యంల ఒదిగితే 'ఎక్కడున్నదో తెల్వదు' అయితది. ఆ చివరి 'ఓ' చేసే పనిని ఇంగ్లిష్‌ల మాటల వరుస చేస్తది: "వేర్ మై సర్టిఫికెట్ ఈజ్." 'వచ్చిండో రాలేదో' అనే కాడ 'వెదర్' వస్తది. నీ "నోబడీ టోల్డ్ అస్ వై వాజ్ ద వాటర్ బ్యాడ్"ను తెలుగుల పైకి చదువు. 'ఎందుకు బాగలేవో' అని 'ఓ' పలికినవంటే, 'వాజ్'ను 'వాటర్' ఎనకకు జరుపు.

అవ్వ బిందెను ఎడమ చేత్తోనే ఎత్తుకుంటదన్న వాక్యం మాత్రం ముట్టుకోకు. మిగతాయి తిరగరాసి పంపు. కాయితానికి ఒక్క దిక్కే రాయి, పక్కకు కొంచెం జాగ ఇడువు, నాక్కూడ పెన్సిల్ ఆడాలె.

ఇట్లు,
మీ సారు,
నల్గొండ