పాత సోల్, ఫంక్, డిస్కో పాటల మిక్స్ ఎలా కూర్చాలి? డ్రమ్మర్ వెంట నడవండి

మీరు 1970ల సోల్, ఫంక్, డిస్కో పాటలతో గంటసేపటి మిక్స్ (ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఆగకుండా సాగే కూర్పు) చేస్తున్నానన్నారు. సాఫ్ట్‌వేర్ చూపించే బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే అంకె) ప్రకారం పాటలు పేర్చి, రెండు పాటల వేగాన్ని తనే కలిపే సింక్ మీట నొక్కినా అతుకుల దగ్గర దరువు చెదిరిపోతోందనీ, మొత్తం విన్నాక పాటల్లో ప్రాణం పోయినట్టుందనీ రాశారు.

నాకూ సరిగ్గా ఇదే జరిగింది. ఫిలడెల్ఫియా దగ్గర ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక సహోద్యోగి పదవీ విరమణ విందుకు పాటల బాధ్యత నేను తీసుకున్నాను. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని ఇరవై పాటలు ఎంచి, అన్నిటినీ 118 బీపీఎంకి బిగించాను. హాల్లో మొదటి మూడు పాటలకు అందరూ లేచి ఆడారు. నాలుగో పాట అందుకునే చోట ఎవరూ ఏమీ అనలేదు. కానీ నా ఎదురుగా ఆడుతున్న ఒకావిడ మడమ నేలను తాకాల్సింది గాల్లోనే ఆగింది. రెండుసార్లు అడుగు కలపాలని చూశారు, కుదరక వెళ్లి కూర్చున్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ ముప్పై సెకన్లనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదేపదే విన్నాను. రెండు పాటల స్నేర్ (టప్పుమని మోగే చిన్న డ్రమ్) దెబ్బలు మొదట కలిసే పడుతున్నాయి. ఎనిమిది ఆవర్తాలు గడిచేసరికి ఒకటి ముందూ ఒకటి వెనకా అయిపోయాయి. ఇద్దరు మనుషులు ఒకే తలుపు కొడుతున్నట్టు టకటకమని రెండేసి దెబ్బలు వినిపించాయి.

కారణం ఒక్కటే. ఆ పాటల్లో డ్రమ్స్ వాయించింది మనుషులు. పల్లవికొచ్చేసరికి ఉత్సాహంతో చెయ్యి కాస్త ముందుకు పోతుంది, చరణంలో మళ్లీ సర్దుకుంటుంది. నేను చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నాను. కృతి చరణంలోకి వెళ్లగానే నా చేతులు పరిగెత్తేవి, మాస్టారు తొడ మీద గట్టిగా తాళం వేస్తూ నన్ను వెనక్కి లాగేవారు. గొప్ప డ్రమ్మర్ల చేతుల్లో ఆ కదలిక చాలా చిన్నది, పైగా పాటకు కావాల్సిన చోటే వస్తుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం పాట మొత్తానికి సగటు తీసి ఒక్క అంకె చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి రెండు పాటల్ని ఒక నిమిషం పాటు ఒకదాని మీద ఒకటి వేస్తే ఎక్కడో ఒకచోట విడిపోక తప్పదు.

అన్ని పాటలూ ఇలా కదలవు. బీ జీస్ ‘స్టేయిన్ అలైవ్’ (1977) రికార్డు చేసేటప్పుడు డ్రమ్మర్ అందుబాటులో లేడు. వాళ్లదే ఇంకో పాట ‘నైట్ ఫీవర్’లో అతను వాయించిన రెండు ఆవర్తాలను టేపు మీంచి తీసి, ఉంగరంలా అతికించి, పాటంతా దాన్నే తిప్పారు. అదే ఏడాది వచ్చిన డోనా సమ్మర్ ‘ఐ ఫీల్ లవ్’లో జార్జియో మొరోడర్ బృందం బాస్‌ను మూగ్ సింథసైజర్‌తో, సీక్వెన్సర్ (స్వరాల వరసను తనంతట తానే వాయించే యంత్రం) మీద నడిపించింది. ఇలాంటి పాటలకు సింక్ బాగానే పనిచేస్తుంది. అందుకే మీ జాబితాలో ఏది చేత్తో వాయించింది, ఏది లూప్ మీదో యంత్రం మీదో నడిచేది అని ముందే గుర్తు పెట్టుకోండి. చేత్తో వాయించిన రెండింటిని కలిపేటప్పుడు నేను నాలుగు ఆవర్తాలకు మించి ఒకదాని మీద ఒకటి ఉంచను. ఇంకా ఎక్కువసేపు కలిపి ఉంచాలనిపిస్తే గ్రిడ్ మార్కర్లు (దెబ్బ ఎక్కడ పడుతుందో సాఫ్ట్‌వేర్‌లో చూపే గీతలు) చేత్తో సర్దుకోవాలి. అంత ఓపిక పట్టదగ్గ అతుకులు గంట మిక్స్‌లో రెండో మూడో ఉంటాయి.

ఇక వరస సంగతి. బీపీఎం వరస మానేశాక నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇది: ఒక డ్రమ్మర్‌ను పట్టుకుని, అతను వాయించిన పాటల వెంట పోవడం. ఫిలడెల్ఫియాలో నార్త్ 12వ వీధిలో సిగ్మా సౌండ్ స్టూడియోస్ ఉండేది. జో టార్సియా 1968లో పెట్టాడు. ఆ భవనం ముందు ఒక ఆదివారం పొద్దున చాలాసేపు నిలబడ్డాను. పాటలు రాసి నిర్మించే జంట కెన్నెత్ గాంబుల్, లియాన్ హఫ్ తమ పాటల్లో ఎన్నో అక్కడే తయారు చేశారు. వాళ్ల డ్రమ్మర్ అర్ల్ యంగ్. హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ పాడిన ‘ద లవ్ ఐ లాస్ట్’ (1973)ను మొదట నెమ్మదైన పాటగానే అనుకున్నారు. స్టూడియోలో వేగం పెంచారు. అర్ల్ యంగ్ కాలితో కొట్టే కిక్ డ్రమ్‌ను నాలుగు దెబ్బల మీదా సమంగా కొడుతూ, దెబ్బకూ దెబ్బకూ మధ్య హై-హాట్‌ను (ఒకదాని మీద ఒకటి ఉండే జంట తాళాలు) తెరిచి మూశాడు. ఆ ‘త్స్’ అన్న చప్పుడే తర్వాత డిస్కో గుర్తుగా ఊరూరా పాకింది. గొంతు మాత్రం టెడ్డీ పెండర్‌గ్రాస్‌ది, పూర్తిగా చర్చి పాటల్లో పెరిగిన సోల్ గొంతు. అంటే సోల్, డిస్కో రెండూ ఆ ఒక్క పాటలోనే పక్కపక్కన కూర్చున్నాయి.

ఇక్కణ్ణుంచి అదే చేతుల వెంట నడవండి. సిగ్మా వాద్య బృందం ఎంఎఫ్‌ఎస్‌బీ ‘టీఎస్‌ఓపీ’ (1974), ఆ తర్వాత హెరాల్డ్ మెల్విన్ బృందానిదే ‘బ్యాడ్ లక్’ (1975), తర్వాత న్యూయార్క్ కంపెనీ సాల్‌సోల్ విడుదల చేసిన డబుల్ ఎక్స్‌పోజర్ ‘టెన్ పర్సెంట్’ (1976), ఆ వెనకే ద ట్రాంప్స్ ‘డిస్కో ఇన్ఫెర్నో’. ట్రాంప్స్‌లో అర్ల్ యంగ్ స్వయంగా సభ్యుడు, మంద్రంలో పాడేది కూడా అతనే. అన్నిటి వెనకా ఒకే చెయ్యి ఉంది కాబట్టి స్నేర్ బరువు, హై-హాట్ తెరుచుకునే తీరు చెవికి చుట్టరికంగా తగులుతాయి. వేగం కాస్త అటూ ఇటూ అయినా అతుకు కనబడదు. మిక్స్ సోల్‌లోంచి డిస్కోలోకి ఎప్పుడు దాటిందో వినేవాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఫంక్‌కు వేరే పద్ధతి కావాలి. జేమ్స్ బ్రౌన్ ‘కోల్డ్ స్వెట్’ (1967) నుంచి బరువంతా ఆవర్తంలో మొదటి దెబ్బ మీద పెట్టాడు. వాళ్లు దాన్ని ‘ద వన్’ అంటారు. మనకు సంగీతం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, అది సమం. గిటార్, శాక్సఫోన్‌లు ఎక్కడెక్కడ ఎత్తుకున్నా అందరూ సమం మీదికి వచ్చి దిగాలి. కాబట్టి ఫంక్ పాటల్ని కరిగించి కలపకండి. పాత పాటను సమం ముందు కోసేసి, కొత్త పాటను సరిగ్గా సమం మీద దింపండి. ఇక్కడా మనుషుల వెంట వెళ్లొచ్చు. 1970లో జేమ్స్ బ్రౌన్ దగ్గర బాస్ వాయించిన బూట్సీ కాలిన్స్ తర్వాత జార్జ్ క్లింటన్ బృందంలో చేరాడు. శాక్సఫోన్ మేసియో పార్కర్, ట్రాంబోన్ ఫ్రెడ్ వెస్లీ కూడా అటే వెళ్లారు. జేమ్స్ బ్రౌన్ ‘సెక్స్ మెషీన్’ తర్వాత, క్లింటన్ బృందం పార్లమెంట్ ఆల్బమ్ ‘మదర్‌షిప్ కనెక్షన్’ (1975)లోంచి ఒక పాట పెట్టి చూడండి.

వేగం పెంచడం, తగ్గించడం మీద నా హద్దు మూడు శాతం. టర్న్‌టేబుల్ మీద ఆరు శాతం వేగం పెంచితే శ్రుతి హార్మోనియం మీద దాదాపు ఒక మెట్టు ఎక్కుతుంది. డీజేలు వాడే టర్న్‌టేబుల్ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2లో వేగం మార్చే స్లైడర్ ఎనిమిది శాతం దాకా జరుగుతుంది కానీ, అంతదూరం జరిపితే గొంతు ఆ మనిషిది కాకుండా పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో శ్రుతిని బిగించి వేగం మాత్రమే మార్చుకోవచ్చు, కానీ సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు తాళాలు) నీళ్లలోంచి విన్నట్టు ముద్దయిపోతాయి. నేను ఆ విందుకు మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ను సుమారు 100 నుంచి 118కి లాగాను. ఎంత తప్పు చేశానో తర్వాత విన్నప్పుడు కళ్లు చెమర్చాయి. ఆయన ఆ పాటలో ఒక్కో మాటా ఆగి ఆగి అంటాడు. ఆ ఆగడాలన్నీ నేను తినేశాను.

100 నుంచి 120కి ఎక్కాలంటే మెట్లు వేయండి. ‘స్టేయిన్ అలైవ్’ సుమారు 104, షీక్ ‘గుడ్ టైమ్స్’ (1979) సుమారు 111, మైకేల్ జాక్సన్ ‘డోంట్ స్టాప్ టిల్ యూ గెట్ ఇనఫ్’ సుమారు 119. మధ్యలో ఒకటి రెండు చేరిస్తే చాలు. లేదంటే ఒక పాటను పూర్తిగా ముగియనిచ్చి, డ్రమ్స్‌తో మొదలయ్యే పాటను విడిగా ఎత్తుకోండి. స్టీవీ వండర్ ‘సూపర్‌స్టిషన్’ (1972) దీనికి బంగారం. ఆ డ్రమ్స్ కూడా ఆయనే వాయించాడు.

పాట ఏ వెర్షనో తప్పక చూసుకోండి. రేడియో కోసం మూడు నిమిషాలకు కోసినదాంట్లో అతుకు వేయడానికి చోటే ఉండదు. పన్నెండు అంగుళాల సింగిల్ (పెద్ద రికార్డు మీద ఒక్క పాటనే పొడవుగా ఇచ్చేది) పుట్టిందే ఈ అవసరం కోసం. డీజే వాల్టర్ గిబ్బన్స్ ‘టెన్ పర్సెంట్’ను తొమ్మిది నిమిషాలకు పైగా సాగదీశాడు, మామూలు జనం దుకాణంలో కొనుక్కోగలిగిన తొలి పన్నెండు అంగుళాల సింగిల్ అదే. డ్రమ్స్, తాళ వాద్యాలు మాత్రమే మిగిలే ‘బ్రేక్’ దాంట్లో దొరుకుతుంది, మీ అతుకు అక్కడ వేయండి. శబ్దం స్థాయి కూడా చెవితోనే సర్దండి. ఒకే పాట పాత సీడీలో మెల్లగా, తర్వాత వచ్చిన రీమాస్టర్‌లో (శబ్దం మళ్లీ సర్ది విడుదల చేసిన ప్రతి) గట్టిగా ఉంటుంది.

పని ఎక్కువైపోతోందని అనిపిస్తే డిస్కో రోజుల్లో మిక్సులకు పేరుపడ్డ టామ్ మౌల్టన్‌ను గుర్తు చేసుకోండి. న్యూయార్క్ దగ్గరి ఫైర్ ఐలాండ్‌లోని ఒక బార్ కోసం 45 నిమిషాల టేపు చేయడానికి ఆయనకు దాదాపు 80 గంటలు పట్టింది. గ్లోరియా గేనర్ ‘నెవర్ కెన్ సే గుడ్‌బై’ ఆల్బమ్‌లో మొదటి వైపు మూడు పాటల్నీ ఆగకుండా కలిపింది కూడా ఆయనే. ఆ 19 నిమిషాలు ఒకసారి కళ్లు మూసుకుని వినండి.

అసలు కలపకపోయినా పర్వాలేదండి. న్యూయార్క్‌లో 1970 నుంచి తన ఇంట్లోనే ‘ద లాఫ్ట్’ విందులు నడిపిన డేవిడ్ మన్‌క్యూసో తర్వాతి రోజుల్లో మిక్సింగే మానేశాడు. ప్రతి రికార్డునూ మొదటి నుంచి చివరిదాకా వేసి, ఆ తర్వాతే ఇంకోటి పెట్టేవాడు. ఆయన అక్కడ వేసిన పాటల్లో బొంబాయిలో పుట్టిన ఆశా పుత్లీ ‘స్పేస్ టాక్’ (1976) ఒకటి. నేను మిక్స్ సగానికి వచ్చాక దాన్ని పెడతాను, ముందూ వెనకా ఏదీ కలపను. హిందుస్తానీ నేర్చిన గొంతు డిస్కో బాస్ మీద అలా తేలుతుంటే గదిలో మాటలు ఆగిపోవడం రెండుసార్లు చూశాను.

మీ జాబితాలో మొదటి ఆరు పాటలు, అవి ఏ వెర్షన్లో కింద వ్యాఖ్యలో రాయండి. శనివారం కూర్చుని విని, ఏ రెండింటి మధ్య కోయాలో, ఏ రెండింటిని కలపాలో చెబుతాను.