పిన్‌బాల్ టేబుళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: పీసీని 43 అంగుళాల టీవీకి కలిపి పిన్‌బాల్ ఎఫ్ఎక్స్ అనే వీడియో గేమ్‌లో ‘మెడీవల్ మ్యాడ్‌నెస్’ టేబుల్ ఆడుతున్నాను. బటన్ నొక్కాక, బంతిని కొట్టే ఫ్లిప్పర్ ఆలస్యంగా లేస్తోంది. గేమ్ ప్యాడ్ మార్చినా అంతే. ఏం చేయాలి?
– కూకట్‌పల్లి పాఠకుడు

జ: తప్పు ప్యాడ్‌ది కాకపోవచ్చు, ముందు టీవీని అనుమానించండి. బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే సమయమే చాలాసార్లు ఆలస్యానికి కారణం. బంతి సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తుంటే, 50 మిల్లీసెకన్ల ఆలస్యంలో 10 సెంటీమీటర్లు దాటేస్తుంది. అసలు మెషీన్‌లో ఫ్లిప్పర్ పొడవే సుమారు ఏడున్నర సెంటీమీటర్లు! మీరు గురిచూసి కొట్టినా బంతి ఎక్కాల్సిన ర్యాంప్ (వాలుదారి) అందదు.

టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, కదలికలను నునుపుగా చూపే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. తర్వాత ఆటలో వీసింక్ (ఫ్రేములను తెర వేగంతో జతకలిపే సెట్టింగ్) తీసేసి చూడండి. బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనిపించినా షాట్లు కుదురుతాయి. బ్లూటూత్ స్పీకర్ ఉంటే పక్కన పెట్టండి. శబ్దం వెనకబడినా చెయ్యి తడబడుతుంది. ఇవన్నీ చేశాకే 120 హెర్ట్జ్ మానిటర్ సంగతి. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్‌లో అందులో సగమే.

ప్ర: పీసీలో పిన్‌బాల్ ఆడించే విజువల్ పిన్‌బాల్ ప్రోగ్రామ్‌లో టేబుల్ తెరిస్తే రామ్ (ROM, అసలు మెషీన్ చిప్‌లోని ప్రోగ్రామ్) ఫైలు లేదంటోంది. జిప్ విప్పే పెట్టాను.
– సికింద్రాబాద్ పాఠకురాలు

జ: విప్పడమే చిక్కు. జిప్‌ను జిప్‌గానే, రామ్‌ను నడిపే వీపిన్‌మేమ్ (VPinMAME) ప్రోగ్రామ్‌లోని రామ్స్ (roms) ఫోల్డర్‌లో పెట్టండి. పేరు మార్చకండి, టేబుల్ స్క్రిప్టులో రాసిన పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.