‘ఒక్కదాంట్లో నిలబడవా?’ అంటున్నారు

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 37 ఏళ్లు. పెళ్లికి ముందు వారపత్రికలకు కథలు రాసేదాన్ని. తర్వాత రేడియో నాటికలు, ఆపైన టీవీ సీరియల్‌కు డైలాగులు, ఇప్పుడు ఆడియో కథలు రాస్తున్నాను. ఒక వెబ్ సిరీస్ వాళ్లు నాలుగు నెలలు హైదరాబాద్‌లో ఉండి రాయమంటున్నారు. ‘ఇన్నేళ్లలో ఒక్కదాంట్లో నిలబడలేదు, మళ్లీ కొత్తదా?’ అని మావారు, అత్తగారు అంటున్నారు. అర్ధరాత్రి ఫోన్లు, ఎప్పుడొస్తాయో తెలియని డబ్బులు వాళ్లకు నచ్చవు. బాబు ఎనిమిదో తరగతి. నాతో మొదలుపెట్టినవాళ్లు పుస్తకాలు వేసుకున్నారు. నావి ఎక్కడెక్కడో ఉండిపోయాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. రాయడం మానేయనా?

జవాబు: మానేయకండి. మీరు వదిలేసిన పనులంటూ నాకేమీ కనిపించలేదు. రేడియోలో మనిషి గదిలోకి వచ్చాడని తెలియాలంటే మాట, చప్పుడు తప్ప ఇంకేమీ ఉండవు. సీరియల్‌లో రేపు మళ్లీ చూడాలనిపించేలా ఈ రోజు సీన్ ఆపాలి, అదీ షూటింగ్ మొదలయ్యేలోపు. ఈ రెండూ నేర్చుకున్నారు కాబట్టే ఆడియో కథలు రాయగలుగుతున్నారు, ఇప్పుడు సిరీస్ వాళ్లూ పిలిచారు.

మీ వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతం చూసే ఉంటారు. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. హరిదాసు నోట విన్న కథనే జనం రాత్రంతా మేలుకుని మళ్లీ చూస్తారు. రూపం మారినంత మాత్రాన కథను వదిలేసినట్టు కాదు కదా. గొల్లపూడి మారుతీరావుగారు కథలు, నాటకాలు రాశారు, ఆంధ్రప్రభ చిత్తూరు ఎడిషన్‌లో పనిచేశారు, దాదాపు ఇరవై ఏళ్లు ఆకాశవాణిలో ఉన్నారు. 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాకు స్క్రీన్‌ప్లే రాశారు, 1982 నుంచి నటుడయ్యారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన మధురాంతకం రాజారాంగారు ఎక్కువగా కథనే నమ్ముకుని, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఇద్దరి దారుల్లో ఏది తప్పంటాం?

ఇక ఇంటి సంగతి. ‘నిలబడలేదు’ అనే మాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో తెలుస్తోంది. కానీ మీవారికి సాహిత్యం మీద అభ్యంతరం ఉన్నట్టు నాకనిపించలేదు. అర్ధరాత్రి ఫోన్లు, డబ్బుల ఆలస్యం ఆయన్ని విసిగించాయి. అత్తగారికి నాలుగు నెలలు పిల్లాణ్ని ఎవరు చూస్తారన్న భయం. ఆ భయం న్యాయమైనదే, కొట్టిపారేయకండి. గడచిన మూడేళ్లలో రాతల మీద ఏ నెల ఎంత వచ్చిందో కాగితం మీద రాసి మీవారికి చూపించండి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ఎత్తనని మీరే చెప్పండి, దాని మీద నిలబడండి.

నాలుగు నెలలూ అక్కడే ఉండాలా అని సిరీస్ వాళ్లను అడిగారా? కథాచర్చలకు మనిషి ఎదురుగా ఉండాలి, నిజమే. సీన్లు మాత్రం ఇంటి నుంచీ రాయొచ్చు. సాయంత్రం నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటారు. నెలలో వారం, పది రోజులు వెళ్లొచ్చేలా అడగండి. ఒప్పుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఒప్పందం నోటిమాటగా వద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. అందుకే ‘శాశ్వతంగా’ అన్న మాట కనిపిస్తే సంతకానికి ముందు లాయర్‌కు చూపించండి. తెర మీద మీ పేరు ఎలా వేస్తారో, డబ్బు ఏ దశలో ఎంత ఇస్తారో కూడా అందులోనే ఉండాలి.

పాత కథల గురించి మీరు పడుతున్న దిగులుకు దారి ఉంది. ఉద్యోగిగా కాకుండా బయట నుంచి రాసి పంపిన కథల మీద హక్కు, మీరు రాసివ్వనంత వరకు సాధారణంగా మీదే. పాత సంచికలు వెతికి కథలన్నీ ఒకచోట చేర్చండి, పుస్తకం వేయండి. హక్కు రాసివ్వని కథలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. టైపు చేసే పనిలో బాబు సాయం తీసుకోండి. అమ్మ ఏం రాస్తుందో వాడికీ తెలుస్తుంది.

నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే మాత్రం డాక్టర్‌ను కలవండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. సిరీస్ వాళ్లకు జవాబు చెప్పేది ఆ తర్వాతే, కంటినిండా నిద్రపోయాక.