డాలస్ వింగ్స్ మంచి ప్లేయర్లనే ఎందుకు వదులుకుంటుంది?

అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆడే డాలస్ వింగ్స్ గురించి మీరు అడిగింది ఇదీ: "మా అమ్మాయి డాలస్ వింగ్స్ ఫ్యాన్. సాటూ సబాలీని ఫీనిక్స్‌కి పంపేశారు. ఆమె బదులు వచ్చినవాళ్లను కూడా సీజన్ మధ్యలోనే వేరే టీమ్‌లకి ఇచ్చేశారు. ఓడిపోతున్న టీమ్ ఉన్న మంచివాళ్లను వదులుకుంటే ఎలా బాగుపడుతుంది? టీమ్‌ని మళ్లీ మొదటి నుంచి కట్టడం, రీబిల్డ్ అంటే ఇదేనా? ఎన్నేళ్లు పడుతుంది?"

ముందు సబాలీ సంగతి. ఆమెను వింగ్స్ పంపేసిందని నేను అనను. వెళ్లిపోతానని తేల్చి చెప్పిన మనిషికి బదులుగా దొరికినంత పుచ్చుకుందంతే. 2025 జనవరిలో సబాలీ బహిరంగంగానే చెప్పింది, డాలస్ తరఫున తన ఆఖరి మ్యాచ్ అయిపోయిందని. అప్పటికి కాంట్రాక్ట్ కూడా ముగిసింది. మామూలుగా అయితే ఫ్రీ ఏజెంట్‌గా నచ్చిన చోటికి వెళ్లిపోయేది, డాలస్‌కి ఏమీ మిగిలేది కాదు. కానీ డబ్ల్యూఎన్‌బీఏలో "కోర్" అని ఒక రూల్ ఉంది. కాంట్రాక్ట్ అయిపోయిన ఒక ప్లేయర్‌ని టీమ్ కోర్ చేస్తే, గరిష్ఠ జీతంతో ఏడాది ఆఫర్ ఇవ్వాలి. అందుకు బదులు ఆమెతో బేరం మాట్లాడే హక్కు ఆ టీమ్‌కి తప్ప ఇంకెవరికీ ఉండదు. డాలస్ ఆమెను కోర్ చేసి, నాలుగు టీమ్‌లు కలిసిన ట్రేడ్‌లో ఫీనిక్స్‌కి ఇచ్చింది. బదులుగా ఇండియానా నుంచి నాలిసా స్మిత్, కనెక్టికట్ నుంచి డిజొనే కారింగ్టన్, టై హారిస్ వచ్చారు. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ప్లేయర్లను వంతులవారీగా ఎంచుకునే చోటు, ఆ వంతునే పిక్ అంటారు) 5వ పిక్‌గా తీసుకున్న జేసీ షెల్డన్ అదే ట్రేడ్‌లో కనెక్టికట్‌కి వెళ్లిపోయింది.

ఆ రోజున చూస్తే అది మరీ తీసిపారేయాల్సిన ట్రేడ్ కాదు. తర్వాత జరిగిందే బాధ. టై హారిస్ మోకాలి గాయంతో కూలబడింది. స్మిత్‌ని జూన్ ఆఖరులో లాస్ వేగస్ ఏసెస్‌కి ఇచ్చి 2027 మొదటి రౌండ్ పిక్ తీసుకున్నారు. కారింగ్టన్‌ని ఆగస్టులో మిన్నెసోటాకి ఇచ్చి డైమండ్ మిల్లర్, కార్లీ శామ్యుల్సన్, ఒక 2027 రెండో రౌండ్ పిక్ తెచ్చుకున్నారు. అంటే ఒక ఆల్‌స్టార్ ప్లేయర్ ఏడు నెలల్లో దాదాపుగా 2027 పిక్‌లుగా మారిపోయింది. ఫైనల్ ఆడిన టీమ్‌లు రెండూ ఏవో చూడండి: ఒకవైపు నాలిసా స్మిత్ ఉన్న ఏసెస్, రెండోవైపు సబాలీ ఉన్న ఫీనిక్స్. ఏసెస్ 4-0తో కప్పు కొట్టింది. మన వింగ్స్ 10 గెలిచి 34 ఓడింది. ఆ ఫైనల్ చూస్తూ మా చిన్నది "అమ్మా, ఇద్దరూ మనవాళ్లే కదా" అంది. ఏం చెప్పమంటారు!

నేను యూటీ ఆర్లింగ్టన్‌లో ఎంఎస్ చేశాను. వింగ్స్ ఆడే కాలేజ్ పార్క్ సెంటర్ ఆ క్యాంపస్‌లోనే ఉంది. 2016లో టీమ్ టల్సా నుంచి ఇక్కడికి మారిన కొత్తలో టికెట్లు చవకే, జనం పల్చగా ఉండేవాళ్లు, కోర్టుకి దగ్గర్లో కూర్చునేవాళ్లం. విజయవాడలో కాలేజీ టీమ్‌కి ఆడినదాన్ని కాబట్టి రూమ్మేట్లను నేనే లాక్కుపోయేదాన్ని. స్కైలార్ డిగ్గిన్స్-స్మిత్ బంతి పట్టుకుని వస్తుంటే ఎదుటి టీమ్ గార్డ్‌ల ముఖాల్లో టెన్షన్ కనిపించేది. 2018లో లిజ్ కాంబేజ్ వచ్చింది. ఆ ఏడాది జులైలో న్యూయార్క్ మీద ఒకే మ్యాచ్‌లో 53 పాయింట్లు కొట్టింది, అప్పటికి అది లీగ్ రికార్డు. ఇంకో రెండేళ్లలో కప్పు మనదే అనుకున్నాం. కాంబేజ్ మరుసటి సీజన్‌కే వెళ్లిపోతానంది, 2019లో ఏసెస్‌కి ఇచ్చేశారు. స్కైలార్‌ని 2020 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌కి ఇచ్చి మూడు మొదటి రౌండ్ పిక్‌లు తీసుకున్నారు.

అప్పుడు ఆ మూడు పిక్‌లను చూసి అందరూ మెచ్చుకున్నారు. వాటిలో రెండు ఎక్కడ తేలాయో చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. 2020 డ్రాఫ్ట్‌లో 5వ పిక్‌తో బెల్లా అలారీని తీసుకున్నారు, ఆమె రెండు సీజన్లు ఆడి ఆటకే దూరమైంది. 7వ పిక్‌తో టై హారిస్‌ని తీసుకున్నారు. అవును, ఆ హారిసే. 2023లో ఆమెను కనెక్టికట్‌కి పంపిన మూడు టీమ్‌ల ట్రేడ్‌లో డాలస్‌కి నటాషా హోవర్డ్ వచ్చింది. హోవర్డ్ రెండు సీజన్లు బాగా ఆడి, 2025లో ఫ్రీ ఏజెంట్‌గా ఇండియానాకి వెళ్లిపోయింది, బదులుగా ఏమీ రాలేదు. హారిస్ మాత్రం సబాలీ ట్రేడ్‌లో తిరిగి డాలస్‌కే వచ్చి గాయపడింది. స్కైలార్‌కి బదులు కట్టిన లెక్క తిరిగి తిరిగి మొదటికే వచ్చిందన్నమాట.

2021లో ఇంకో వింత. లీగ్ చరిత్రలో మొదటిసారి 1, 2 పిక్‌లు రెండూ ఒకే టీమ్‌కి, అంటే డాలస్‌కి దక్కాయి. చార్లీ కాలియర్, ఆవాక్ క్వియర్. వాట్సాప్ గ్రూపుల్లో మేం సంబరాలు చేసుకున్నాం. కాలియర్‌ని 2023 సీజన్ మొదలవకముందే వదిలేశారు. క్వియర్ కూడా ఇక్కడ నిలదొక్కుకోలేదు.

కాలియర్‌కి ఆట రాదు కాబట్టి పోయిందని తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. 2025 దాకా ఈ లీగ్‌లో ఒక టీమ్‌కి ఎక్కువలో ఎక్కువ 12 మందే. 2025లో 13 టీమ్‌లు, అంటే అమెరికా మొత్తానికి 156 ఉద్యోగాలు. మగవాళ్ల ఎన్‌బీఏలో కుర్రాడు పచ్చిగా ఉంటే జీ లీగ్ అనే కింది స్థాయి లీగ్‌కి పంపి రెండేళ్లు సానబెడతారు. ఇక్కడ అలాంటి చోటే లేదు. సీటు ఇస్తే ఇవ్వాలి, లేకపోతే టర్కీకో చైనాకో పోయి ఆడుకోమనాలి. ఇరవై రెండేళ్ల పోస్ట్ ప్లేయర్‌కి (బుట్ట దగ్గర ఆడే పొడగరికి) ఆట ఒంటబట్టాలంటే కోర్టులో ఆడే నిమిషాలు కావాలి. కాలేజీలో బెంచి చివర కూర్చున్న అనుభవంతో చెప్తున్నా, మ్యాచ్ చెయ్యి దాటిపోయాక ఆఖర్లో దింపితే ఎవరి ఆటా మెరుగుపడదు. ఒకేసారి నలుగురైదుగురు కొత్తవాళ్లను తెచ్చుకున్న టీమ్ ఎవరికీ సరిపడా నిమిషాలు ఇవ్వలేకపోతుంది. అందరినీ కొంచెం కొంచెం పాడుచేస్తుంది.

అందుకే "ఇన్ని పిక్‌లు వచ్చాయి" అని ఎవరైనా గొప్పగా చెప్తే నేను పెద్దగా కదలను. పిక్ అంటే హైదరాబాద్‌లో ప్రీలాంచ్ ఫ్లాట్ లాంటిది. బ్రోచర్‌లో అంతా బాగుంటుంది, తాళం చేతికొచ్చేదాకా దాని విలువ ఎవరికీ తెలియదు. పైగా ఏ టీమ్ పిక్ అన్నది ముఖ్యం. ఏసెస్ లాంటి టీమ్ పిక్ ఎప్పుడూ రౌండ్ చివర్లోనే వస్తుంది.

జీతాల లెక్క కూడా ఒకసారి చూడండి, లేకపోతే ట్రేడ్‌లు సగం అర్థం కావు. 2025లో ఒక టీమ్ మొత్తం జీతాలకు పరిమితి 15,07,100 డాలర్లు. దాన్ని దాటడానికి వీలుండేది కాదు, ఎన్‌బీఏలోలా పెనాల్టీ కట్టి దాటే దారి కూడా ఉండేది కాదు. ఒక ప్లేయర్‌కి గరిష్ఠ జీతం 2,49,244. ముగ్గురికి అంత ఇస్తే సగం డబ్బు అక్కడే అయిపోతుంది, మిగతా తొమ్మిది మందికి ఒక్కొక్కరికి 84 వేల చొప్పున మిగులుతుంది. కాబట్టి మంచి ప్లేయర్ వెళ్తుంటే ఆమెకి సరిసమానమైన ఇంకో స్టార్ రావడం అరుదు. జీతాలు కుదరాలి కదా, ఇద్దరు ముగ్గురు మధ్యరకం వాళ్లు, ఒక పిక్, ఇలా ముక్కలుగా వస్తుంది. ఇంకోవైపు, మొదటి పిక్‌గా వచ్చిన పేజ్ బెకర్స్ జీతం ఆ ఏడాది 78,831 మాత్రమే. సగటున 19.2 పాయింట్లు కొట్టి రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏడాది ఉత్తమ కొత్త ప్లేయర్) అయింది, లాస్ ఏంజెలెస్ మీద ఒకే మ్యాచ్‌లో 44 కొట్టింది. గరిష్ఠ జీతంలో మూడో వంతుకి అలాంటి ప్లేయర్. రూకీ కాంట్రాక్ట్ మూడేళ్లు, నాలుగో ఏడు టీమ్ ఇష్టం. (ఇవన్నీ 2025 సీజన్ నాటి ఒప్పందం ప్రకారం.) రీబిల్డ్ చేసే టీమ్‌కి నిజమైన గడువు ఈ నాలుగేళ్లే. ఈలోపు చుట్టూ మనుషుల్ని సమకూర్చకపోతే, ఆమె కూడా సబాలీలాగే బయటి తలుపు వైపు చూస్తుంది.

కావాలని ఓడిపోతారా అని చాలామంది అడుగుతారు. ఒక్క సీజన్ ఓడితే పెద్ద లాభం లేదు, ఎందుకంటే ఇక్కడ మొదటి పిక్ ఎవరికో తేల్చే లాటరీకి రెండేళ్ల గెలుపోటములు కలిపి చూస్తారు. వింగ్స్ 2024లో 9-31. సబాలీ భుజం గాయంతో సగం సీజన్ పైగా లేదు. 2025లో 10-34. 2026 డ్రాఫ్ట్‌కి మొదటి పిక్ మళ్లీ డాలస్‌కే వచ్చింది.

సరిగ్గా చేసినవాళ్లు ఎవరంటే నేను ఇండియానా ఫీవర్‌ని చూపిస్తాను, అది కూడా కాస్త తిరకాసు కథే. 2022లో లిన్ డన్ మేనేజర్‌గా వచ్చాక ఒకే డ్రాఫ్ట్‌లో నాలుగు మొదటి రౌండ్ పిక్‌లు వాడుకున్నారు. ఆ సీజన్ 5-31. ఆ నలుగురిలో 2025కి మిగిలింది లెక్సీ హల్ ఒక్కతే. నాలిసా స్మిత్ కూడా ఆ నలుగురిలో ఒకతే. అంటే పిక్‌ల వరకు చూస్తే వాళ్ల లెక్క మనకన్నా గొప్పదేం కాదు. తేడా రెండు చోట్ల వచ్చింది. 2023లో అలియా బోస్టన్, 2024లో కైట్లిన్ క్లార్క్ వరసగా మొదటి పిక్‌లుగా దొరకడం, అది అదృష్టం. ఇంకోటి, 2018 నుంచి ఓటములన్నీ మోసిన కెల్సీ మిచెల్‌ని వదులుకోకపోవడం. ఆ ఆరేళ్లలో ఆమెను అమ్ముకుని పిక్‌లు పోగేయండి అని సలహా ఇచ్చినవాళ్లు తక్కువేం కాదు. 2025లో క్లార్క్ గాయంతో 13 మ్యాచ్‌లే ఆడితే, మిచెల్ ముందుండి నడిపిన టీమ్ సెమీస్‌లో ఏసెస్‌తో ఐదో మ్యాచ్ ఓవర్‌టైమ్ దాకా కొట్లాడింది. (ఆ జూన్‌లో ఇండియానా డాలస్‌కి వచ్చినప్పుడు మ్యాచ్‌ని అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌కి మార్చారు, 20 వేల పైగా జనం. మా ఫ్రెండ్స్ ఫ్యామిలీలన్నీ క్లార్క్ కోసమే టికెట్లు కొన్నాయి, ఆమె గాయంతో దిగలేదు. పిల్లలు పాప్‌కార్న్‌తో సర్దుకున్నారు, పెద్దవాళ్లే అలిగారు.)

నన్నడిగితే రీబిల్డ్‌లో ట్రేడ్‌లకన్నా ముందు అడగాల్సింది, స్టార్‌లు ఎందుకు వెళ్లిపోతున్నారని. కాంబేజ్, స్కైలార్, సబాలీ ముగ్గురూ ఒకే చోటు నుంచి పోయారంటే అది ట్రేడ్ బల్ల మీద తేలే విషయం కాదు. ఫీనిక్స్ 2024లో 10 కోట్ల డాలర్లతో ప్రాక్టీస్ సెంటర్ కట్టుకుంది. మరుసటి ఏడాదే సబాలీ, కనెక్టికట్ స్టార్ అలిస్సా థామస్ ఇద్దరూ అక్కడ తేలారు. కనెక్టికట్ సంగతి ఇంకా ఘోరం. 2024 ప్లేఆఫ్స్ ముందు వాళ్లు ప్రాక్టీస్ చేస్తుంటే పక్క సగం కోర్టులో ఓ రెండేళ్ల బిడ్డ పుట్టినరోజు ఫంక్షన్ జరిగింది. 28-12తో ముగించిన ఆ టీమ్‌లో మొదటి ఐదుగురూ ఆ శీతాకాలంలోనే వెళ్లిపోయారు, తర్వాతి సీజన్ 11-33. డాలస్‌లో కోచ్‌లు మారే వేగం కూడా తక్కువేం కాదు. 2023లో 22-18తో సెమీస్‌కి చేర్చిన కోచ్‌ని మరుసటి ఏడాదే తీసేశారు. ఆమె తర్వాత వచ్చినతను ఒక్క సీజనే ఉన్నాడు.

ఎన్నేళ్లంటే, ఇండియానాకి 2022 నుంచి ప్లేఆఫ్స్‌కి రెండేళ్లు, సెమీస్‌కి మూడేళ్లు. అది బోస్టన్, క్లార్క్ ఇద్దరూ దొరికితే. డాలస్‌కి బెకర్స్ ఒక చెయ్యి, 2026 మొదటి పిక్ ఇంకో చెయ్యి అనుకుంటే 2027కి ప్లేఆఫ్స్ ఆడకపోతే నేను తప్పు పడతాను. ఈలోపు మీ అమ్మాయితో మ్యాచ్‌కి వెళ్లినప్పుడు స్కోర్‌తో పాటు కొత్త పిల్లలకి మూడో క్వార్టర్‌లో నిమిషాలు దొరుకుతున్నాయా లేదా చూడండి. ఇంకో సంగతి, జెర్సీ కొనేముందు ఆ ప్లేయర్ కాంట్రాక్ట్ ఏ ఏడాదితో ముగుస్తుందో చూసుకోండి. మా ఇంట్లో సబాలీ 0 నంబర్ జెర్సీలు రెండున్నాయి.