సీసాలో ఇంకేముందో చూడు

అమ్మాయీ, ఆశీస్సులు.

రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజన్ ప్రోటీన్ వేయగానే, ల్యాబులో పెంచిన మెదడు రక్తనాళాల కణాల పొర లీకైందని, పేపరు రాయడం మొదలుపెట్టనా అని అడిగావు. ఇప్పుడే వద్దు.

రక్తంలోని ప్రోటీన్ ఆ పొరను తెరవగలదన్న నీ ఊహ గాలిలో మేడ కాదు. ఆ కణాలు క్లాడిన్-5 వంటి ప్రోటీన్లతో ఒకదాన్నొకటి బిగించుకుని ఉంటాయి. ఇన్‌ఫ్లమేషన్‌లో పెరిగే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే సంకేత ప్రోటీన్ ఆ క్లాడిన్-5నే తగ్గిస్తుంది. కానీ ఫైబ్రినోజన్‌ను రక్తం నుంచి వేరు చేస్తారు కదా, దాన్ని గడ్డగా మార్చే ఎంజైము థ్రాంబిన్ కూడా కాస్త దాని వెంట వచ్చి ఉండవచ్చు. కణాల మధ్య సందులు తెరవడానికి థ్రాంబిన్ ఒక్కటే చాలు. కొన్ని వెల్స్‌లో, అంటే కణాలు పెంచే గుంటల్లో, థ్రాంబిన్‌ను అడ్డుకునే హిరుడిన్ కలిపి చూడు. లీకు ఆగిపోతే నీ పేపరు థ్రాంబిన్ గురించి అవుతుంది.

తర్వాత ఎండోటాక్సిన్, అంటే బాక్టీరియా పొర నుంచి వచ్చే విషం. మరిగిస్తే ప్రోటీన్ పని చెడుతుంది, ఎండోటాక్సిన్‌ది చాలావరకు చెడదు. మరిగించిన నమూనా కూడా పొరను లీకు చేస్తే ఎండోటాక్సిన్‌ను అనుమానించు. ఎండోటాక్సిన్‌ను పట్టేసే పాలిమిక్సిన్-బి కలిపిన వెల్స్ కూడా పెట్టు. ఇన్‌ఫ్లమేషన్‌లో రక్తంలో పెరిగే సీ-రియాక్టివ్ ప్రోటీన్ విషయంలో జరిగింది తెలుసు కదా! రక్తనాళాల కణాల మీద దానికి ఎన్నెన్నో ప్రభావాలు అంటగట్టారు. తీరా చూస్తే వాటిలో చాలా వరకు, కొన్న సీసాలో నిల్వ కోసం కలిపిన సోడియం అజైడ్, ఎండోటాక్సిన్ చేసిన పని. సాంబారులో ఉప్పు ఎక్కువైతే కందిపప్పును తిట్టినట్టయింది. అందుకే పోల్చి చూడడానికి కణాలు పెరిగే ఉత్త మీడియం కంట్రోల్‌గా చాలదు, ఆ సీసాలో ప్రోటీన్‌ను ఉంచిన ద్రవం, అంటే బఫర్‌నే, ప్రోటీన్ లేకుండా వేయాలి.

మోతాదు చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలోనే మిల్లీలీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల ఫైబ్రినోజన్ ఉంటుంది. నువ్వు వేసింది అర మిల్లీగ్రాము. దానికే పొర లీకైతే మనందరి మెదళ్లూ ఎప్పుడూ లీకవుతూనే ఉండాలి! టీఎన్‌ఎఫ్ సంగతి తలకిందులు: రక్తంలో సాధారణంగా పికోగ్రాముల్లో ఉండేదాన్ని ల్యాబుల్లో నానోగ్రాముల్లో పోస్తారు. ఇంతకీ ప్రోటీన్‌ను రక్తం వైపు వేశావా, మెదడు వైపు వేశావా? అది రాయలేదు. మెదడు వైపు వేసి ఉంటే, నాళం పగలకుండానే ఫైబ్రినోజన్ అటు ఎలా చేరిందని సమీక్షకులు అడుగుతారు.

లీకు కొలవడానికి 376 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువు బరువు కొలత) చిన్న రంగు సోడియం ఫ్లోరెసీన్ ఒక్కదాన్నే నమ్ముకోకు. 70 కిలోడాల్టన్ల పెద్ద అణువు డెక్స్‌ట్రాన్ కూడా పెట్టు. క్లాడిన్-5 లేని ఎలుకల్లో సుమారు 800 డాల్టన్ల లోపు చిన్న అణువులే మెదడులోకి జారాయి. పెద్దవి కూడా దాటుతుంటే కణాలు చస్తున్నాయేమో దెబ్బతిన్న కణాల నుంచి బయటికొచ్చే ఎంజైమును కొలిచే ఎల్‌డీహెచ్ పరీక్షతో చూసుకో. ఎలుకలకు, రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్‌కు అతుక్కునే రంగు ఇవాన్స్ బ్లూ ఎక్కించే ఆలోచన మాత్రం వాయిదా వెయ్యి. ఆల్బుమిన్‌కు అతుక్కోని రంగు కూడా లోపలికి పోతుంది, లెక్క తప్పుతుంది.

హిరుడిన్ వేసిన వెల్స్ అంకెలు రాగానే పంపు. సగటులు కాదు, ఒక్కో వెల్ అంకె విడివిడిగా కావాలి.